దుడ్లు తీసుకునేదానికి పిన్ను ఎందుకబ్బా?

నగరిలో మునుపు పాత సామాను అమ్మాలంటే నోటిమాట చాలు. బండి అమ్మాలంటే మెకానిక్ అంగట్లో ఒక మాట చెప్పేది. మరమగ్గం అమ్మాలంటే పక్కవీధిలో మగ్గాలు నడిపేవాళ్ళకు చెప్పేది. కొనేవాడు ఎవరు, ఏ పేట, వాళ్ళ నాయన ఎవరు అన్నీ తెలిసేవి. ఎద్దుల సంతలో అయితే తువ్వాల కింద చేతులు పట్టుకోని బేరం తెంచుకునేది. దుడ్లు చేతిలో పడినాంకనే పలుపు చేయి మారేది. మనిషి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ వరస మాత్రం మారేది కాదు.

ఇప్పుడు సంత ఫోన్లోకి వచ్చేసింది. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఊరి వాట్సాప్ గ్రూపులు. ఫోటో తీసి పెడితే ఇటు పుత్తూరు, తిరుపతి, అటు తిరుత్తణి, చెన్నై దాకా చూస్తారు. ఊర్లో సవకగా అడిగే వస్తువుకు రొంత మంచి రేటు వస్తాది. దీంట్లో తప్పేమీ లేదు. కానీ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాల. పాత సామాను ఊరికే ఎవరూ అమ్మరు. మగ్గం పని కమ్మి అయినప్పుడు, పిలకాయల ఫీజు కట్టాల్సినప్పుడు, వడ్డీ మీద పడినప్పుడు, ఆస్పత్రి ఖర్చు వచ్చినప్పుడు అమ్ముతారు. బండో, ఫ్రిజ్జో, కుట్టుమిషనో, మూలన పడిన మగ్గం మోటారో ఏదైనాగానీ, ఆ దుడ్లు బిరీనా కావాల. ఆ తొందరను కనిపెట్టే ఫోన్ వస్తాది.

మోసమంటే కొనేవాడికి జరిగేది అని మనకు అలవాటు. చెడిపోయిన సరుకు అంటగడతారేమో, దొంగ బండి అమ్ముతారేమో అని కొనేవాడు చూసుకుంటాడు. అమ్మేవాడికి ఏం భయం? వస్తువు మన ఇంట్లోనే ఉండాది, దుడ్లు రావాల్సింది మనకే గదా అనుకుంటాం. ఈ ధీమా కాడనే దెబ్బ పడేది. సామాను ఇంట్లో ఉండంగానే, కొనేవాడి మొగం చూడకుండానే, అమ్మేవాడి ఖాతాలో దుడ్లు పోతాయి.

ఆ ఫోన్ ఎట్లా నడుస్తాదో చూడండి. ఫోటో పెట్టిన గంటకో రెండు గంటలకో పిలుపు వస్తాది. మాట హిందీలోనో, అతుకుల తెలుగులోనో ఉంటాది. తాను మిలిటరీలో ఉండానని, ఈ పక్కకు బదిలీ అయిందని చెప్తాడు. వాట్సాప్‌లో యూనిఫాం ఫోటో, గుర్తింపు కార్డు పంపుతాడు. మన ఇళ్ళల్లో మిలిటరీవాళ్ళంటే గౌరవం, దాన్నే వాడు పెట్టుబడిగా పెడతాడు. రేటు ఎంత చెప్తే అంతకు సరే అంటాడు. మొదటి అనుమానం ఈడనే రావాల. మన సీమలో బేరం ఆడకుండా పాత బండి కొనేవాడు యాడన్నా ఉండాడా?

తర్వాత, "నేను డ్యూటీలో ఉండాను, మా మనిషి వచ్చి బండి తీసుకుపోతాడు, దుడ్లు ఇప్పుడే వేసేస్తా" అంటాడు. ఒక క్యూఆర్ కోడ్ పంపి, "ముందు 5 రూపాయలకు పరీక్ష చేద్దాం, స్కాన్ చేసి పిన్ను కొట్టండి, 10 రూపాయలు వస్తాయి" అంటాడు. మన 5 రూపాయలు పోతాయి, నిజంగానే 10 రూపాయలు వస్తాయి. స్కాన్ చేస్తే వచ్చినాయి అని మనకు నమ్మకం కుదురుతాది. అసలు జరిగింది వేరే. స్కాన్ చేసినందుకు 5 పోయినాయి, 10 మాత్రం వాడు విడిగా వేసినాడు. ఆ తర్వాత 15,000కు కోడ్ వస్తాది. పిన్ను కొడతాం. 15,000 పోతాయి. అరిచి అడిగితే వాడు నిమ్మళంగా, "ఏదో తప్పు జరిగింది, వెనక్కి వేస్తా, ఇంకోసారి స్కాన్ చేయండి" అంటాడు. పోయినవి వస్తాయనే ఆశతో ఇంకోసారి కొట్టినవాళ్ళు చానా మంది ఉండారు.

ఇంత నాటకం తెలుసుకున్యా, గుర్తు పెట్టుకోవాల్సింది ఒకే ఒక ముక్క. యూపీఐలో దుడ్లు తీసుకునేదానికి మనం చేయాల్సింది ఏమీ లేదు. పిన్ను అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, లింకు నొక్కే పని లేదు, ఓటీపీ చెప్పే పని లేదు. మన నంబరో, మన యూపీఐ ఐడీనో, మన క్యూఆర్ కోడో వాళ్ళకు ఇస్తే చాలు, వాళ్ళే వేయాల. పిన్ను అంటే బీరువా తాళంచెవి మాదిరి. బయటికి తీసేదానికే గానీ లోపలికి వేసేదానికి కాదు. గుడి హుండీలో కానుక వేసేవాడు హుండీ తాళం అడుగుతాడా? అడిగితే వాడు వేసేదానికి వచ్చినవాడు కాదు.

ఇంత సులువైన సంగతి జనానికి ఎందుకు తెలియలేదు? తెలివి లేక కాదు. యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. అదే ఏడాది నవంబర్ 8న పెద్దనోట్ల రద్దు. ఏటీఎంల ముందర క్యూలు కట్టి కట్టి, గత్యంతరం లేక జనం ఫోన్లోకి మళ్ళినారు. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశంలో 2 వేల కోట్ల యూపీఐ లావాదేవీలు జరిగినాయి. ఇంత పెద్ద బండిని జనం చేతికి ఇచ్చినారు గానీ, ఏది యాక్సిలేటరో ఏది బ్రేకో ఊరూరా వచ్చి నేర్పించినవాళ్ళు కమ్మి. తెర మీద అక్షరాలు చానా ఫోన్లల్లో ఇంగ్లీషులోనే ఉంటాయి. మనం తెలుగు, అరవం రెండూ గడగడా మాట్లాడతాం. కానీ హిందీలో మాట్లాడే గొంతు తొందర పెడతా ఉంటే, ఇంగ్లీషులో ఉన్న 'పే' అనే చిన్న మాట కంటికి ఆనదు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లలో భాషను తెలుగుకు మార్చుకునే వీలు ఉండాది. ఇంట్లో చదువుకున్న పిలకాయలు ఈ రోజే అమ్మా నాయన ఫోన్లలో మార్చి పెడితే, అది రొంత కాపు కాస్తాది.

వ్యవస్థ ఏమీ చేయలేదని కాదు. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, మనిషికీ మనిషికీ మధ్య 'దుడ్లు పంపమని అడిగే' సౌకర్యాన్ని 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేయమని బ్యాంకులకు, యాప్‌లకు చెప్పింది. ఆ అడిగే సందేశాన్నే 'మీకు దుడ్లు వస్తా ఉండాయి' అని నమ్మించి కొట్టేసినారు ఇన్నేళ్ళూ. దుడ్లు పంపే ముందర, తీసుకునేవాడి పేరు బ్యాంకులో ఎట్లా ఉంటే అట్లనే తెర మీద చూపించాలని కూడా 2025లో ఆదేశం వచ్చింది. మంచి పనులే, కాకపోతే ఆలస్యంగా జరిగినాయి. దాంతో మోసం ఆగిందా అంటే, దారి మార్చుకుంది. క్యూఆర్ కోడ్ ఉండనే ఉండాది.

అందుకే తక్కిన రకాలు కూడా తెలుసుకోవాల.

ఒకటి, దొంగ రసీదు. మనిషి ఎదురుగానే వస్తాడు. ఫోన్ కొంటాడు, మన కళ్ళ ముందరే దుడ్లు పంపినట్టు చూపిస్తాడు. పచ్చటి టిక్కు పడతాది, టింగుమని శబ్దం కూడా వస్తాది. అది అసలు యాప్ కాదు, అసలు మాదిరి కనిపించే దొంగ యాప్. వాడి ఫోన్లో ఏం కనిపించిందనేది మనకు లెక్క కాదు. మన ఖాతాలో నిలవ పెరిగిందా లేదా, అదొక్కటే లెక్క. మన యాప్ మనమే తెరిచి నిలవ చూసుకోవాల. ఎస్ఎంఎస్ వచ్చింది గదా అంటారు. ఆ ఎస్ఎంఎస్ బ్యాంకు పంపిందో, వాడే మామూలు నంబరు నుంచి టైపు చేసి పంపినాడో చూడాల.

రెండు, ఎక్కువ వేసేసినా అనే నాటకం. 1,500 వేయబోయి 15,000 వేసేసినా, తక్కింది వెనక్కి పంపండి సార్, ఆస్పత్రిలో ఉండాను అని ఏడుస్తాడు. వచ్చింది దొంగ ఎస్ఎంఎస్. మనం వెనక్కి పంపేది మాత్రం మన సొంత కష్టం.

మూడు, ఖర్చుల పేరుతో లాగేది. కొరియర్ మనిషి వస్తాడు, బీమాకు 500 కట్టండి, వెనక్కి వస్తాది అంటారు. లేదంటే ఫారం నింపమని ఒక ఏపీకే ఫైలు పంపుతారు, తెర పంచుకునే యాప్ వేసుకోమంటారు. అది వేసుకుంటే మన ఫోన్ వాడి చేతిలో ఉన్నట్టే. అమ్మేవాడు ఎదురు దుడ్లు కట్టే బేరం లోకంలో యాడా లేదు.

నాలుగు, మధ్యవాడి ఆట. ఇది అన్నిటికన్నా మాయదారిది. మన బండి ఫోటోలు ఎత్తుకోని, మనం చెప్పిన దానికన్నా తక్కువ రేటుకు వాడి పేరుతో పెడతాడు. నిజంగా కొనాలనుకునే మనిషి వాడికి ఫోన్ చేస్తాడు. వాడు మనకు ఫోన్ చేసి, "మా బామ్మర్ది వచ్చి బండి చూస్తాడు, రేటు సంగతి వాడితో ఎత్తొద్దు" అంటాడు. ఆ కొనేవాడితో, "బండి మా అన్నది, దుడ్లు నాకే వేయాల" అంటాడు. కొనేవాడు మన ఇంటికి వచ్చి బండి చూసి, దుడ్లు ఆ మధ్యవాడికి వేసేస్తాడు. ఆఖరికి మన గుమ్మం ముందర ఇద్దరు అమాయకులు ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు. దొంగ వాళ్ళిద్దరినీ కలవను కూడా కలవలేదు. దీనికి మందు ఒకటే. ఎదురుగా వచ్చిన మనిషితో నేరుగా రేటు మాట్లాడాల. రేటు మాట్లాడొద్దు అని ఎవరన్నా చెప్తే, అదే మాట్లాడాల.

ఐదోది, నిజమైన దుడ్లే వచ్చినా వచ్చే తిప్పలు. వచ్చిన సొమ్ము ఎవరినో మోసం చేసి తెచ్చిందైతే, ఆ కేసు వెంబడి పోలీసులు తీగ లాగినప్పుడు మన ఖాతా కూడా ఆగిపోవచ్చు. 2023లో కేరళలో చిన్న చిన్న వ్యాపారులకు ఇదే అయింది. ఎవరో ఫోన్‌తో కట్టిన చిన్న మొత్తాల వల్ల, వేరే రాష్ట్రాల పోలీసుల ఫిర్యాదు మీద ఖాతాలు నిలిచిపోయినాయి. అందుకే అమ్మినదానికి రుజువు పెట్టుకోవాల. కొన్నవాడి పేరు, గుర్తింపు కార్డు నకలు, ఇద్దరి సంతకాలతో ఒక తెల్ల కాగితం. బండో ఫోనో అయితే ఇది తప్పనిసరి.

ఈ మోసగాళ్ళు ఎవరు? రాజస్థాన్‌లోని భరత్‌పూర్, హర్యానాలోని నూహ్, ఆ చుట్టుపక్కల మేవాత్ ప్రాంతం పేరు ఏళ్ళుగా వినిపిస్తా ఉండాది. హైదరాబాద్ పోలీసులు భరత్‌పూర్ దాకా పోయి ఓఎల్ఎక్స్ కేసుల్లో మనుషుల్ని పట్టుకోని వచ్చినారు. 2023 ఏప్రిల్‌లో హర్యానా పోలీసులు సుమారు 5,000 మందితో నూహ్ జిల్లాలో 14 పల్లెల మీద ఒకేసారి దాడి చేసినారు. ఒక ప్రాంతంలో పుట్టినవాళ్ళంతా దొంగలు అనుకుంటే తప్పు. పని లేని చోట, తక్కువ చదువుతో తొందరగా సంపాదన చూపించే ఏ ఊర్లోనైనా ఇది మొలకెత్తుతాది. పైగా కొట్టేసిన సొమ్ము నేరుగా దొంగ ఖాతాలోకి పోదు, కమీషన్‌కు ఆశపడి అద్దెకిచ్చిన ఖాతాల గుండా పోతాది. నీ ఖాతా, సిమ్ము రొన్నాళ్ళు ఇయ్యి, ఇంత ఇస్తాం అని మన పిలకాయలను కూడా అడుగుతారు. ఇస్తే, కేసులో మొదట దొరికేది వాళ్ళే.

ఇంతవరకూ జాగ్రత్తల మాట. అసలు చెప్పాల్సింది దీని తర్వాతది.

2023లో సైబర్ మోసాల వల్ల దేశ జనం పోగొట్టుకున్నది 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు అని కేంద్ర హోంశాఖ 2025 జూలైలో లోక్‌సభకు చెప్పింది. అన్ని రకాల సైబర్ మోసాలూ కలిపిన లెక్క ఇది. ఒక్క ఏడాదిలో మూడింతలు. ఇన్ని కోట్లు పోతా ఉంటే, ప్రతి కేసులోనూ 'నువ్వే పిన్ను కొట్టినావు గదా' అనే మాటతో చేతులు దులుపుకోవడం న్యాయమా?

రిజర్వు బ్యాంకు 2017 జూలై సర్క్యులర్ ప్రకారం, రహస్య వివరాలు పంచుకోవడం లాంటి ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా ఖాతాదారుదే. చెప్పినాంక పోయేది మాత్రం బ్యాంకుది. మోసపోయి తన చేత్తోనే పిన్ను కొట్టినవాడిని కూడా ఈ నిర్లక్ష్యం గాట్లోనే కడతారు. బ్రిటన్‌లో దీన్ని వేరేగా చూసినారు. 2024 అక్టోబర్ 7 నుంచి, మోసపోయి తానే పంపిన సొమ్మునైనా బ్యాంకులు 85,000 పౌండ్ల దాకా తిరిగి ఇవ్వాల. పంపిన బ్యాంకు సగం, దొంగ ఖాతా ఉన్న బ్యాంకు సగం భరించాల. దొంగకు ఖాతా తెరిచి ఇచ్చిన బ్యాంకుకు కూడా పూచీ ఉండాదని ఆ దేశం ఒప్పుకుంది. మన దేశంలో ఆ పూచీ మగ్గం కూలీ నెత్తిన ఉండాది.

ప్రకటనలు పెట్టించుకునే వేదికలు కూడా ఇంతే. ఐటీ చట్టం 79వ సెక్షన్ కింద, మేము మధ్యవర్తులమే, ఎవరేం చేసినా మాకు సంబంధం లేదు అనే రక్షణ వాళ్ళకు ఉండాది. సంతలో దొంగను చూస్తే గేటు కాడ మనిషి కేకేస్తాడు. ఈ సంతకు గేటు కాడ మనిషే లేడు.

పోలీసు స్టేషన్ సంగతికి వస్తే, ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింది కేసును ఇన్‌స్పెక్టర్, ఆ పైవాళ్ళే దర్యాప్తు చేయాల. మండలాల్లో చానా స్టేషన్లను నడిపేది ఎస్ఐలు. 8,000 పోయిందని ఒక కూలీ పోతే, "చిన్న మొత్తమే గదా, దొంగ యాడో ఉత్తరాదిలో ఉండాడు" అనే మాట వినపడేది ఇందుకు కూడా. కానీ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ఊర్లో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మా పరిధి కాదు అంటే ఒప్పుకోవాల్సిన పని లేదు.

వీటన్నిటికన్నా దొంగకు జాస్తి సాయం చేసేది ఇంకొకటి ఉండాది. సిగ్గు. దుడ్లు పోయిందని తెలిసినాంక మనిషి మొదట చేసేది దాచిపెట్టడం. ఆలికి చెప్తే తిడతాది, కొడుక్కు చెప్తే నవ్వుతాడు, వీధిలో తెలిస్తే పరువు పోతాది. రెండు రోజులు లోలోపల కుమిలి, మూడో రోజు చెప్తాడు. అప్పటికి ఆ సొమ్ము నాలుగు ఖాతాలు దాటి ఏటీఎంలో నోట్లయిపోయి ఉంటాది. ఈ కేసుల్లో సొమ్ము దొరికేదీ దొరకనిదీ మొదటి గంటల్లోనే తేలిపోతాది. ఇంట్లో మనం నవ్వే ఒక్కో నవ్వు దొంగకు ఒక్కో గంట సమయం ఇస్తాది.

పోయిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయాల. లేదంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాల. బ్యాంకుకు కూడా చెప్పాల. లావాదేవీ యూటీఆర్ నంబరు, వాడి ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ, మాటలన్నీ అట్లనే ఉంచాల, కోపంతో చెరిపేయొద్దు. ఫిర్యాదు అందితే సొమ్ము ఏ ఖాతాలో ఉంటే ఆడ ఆపేదానికి వీలుంటాది. సహాయం నంబరు కోసం గూగుల్లో వెతకొద్దు, ఆడ కూడా దొంగ కస్టమర్ కేర్లు కూర్చోని ఉండారు. పోయిన సొమ్ము తెచ్చిపెడతాం, ముందు ఫీజు కట్టండి అనేవాడు రెండో దొంగ. ఆపిన సొమ్ము చేతికి రావాలంటే కొన్నిసార్లు కోర్టు ఉత్తర్వు కావాల. తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తా ఉండారు. అట్లాంటి దారి ఉండాదని మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో కూడా ఊరూరా తెలియాల.

అడగాల్సినవి అడుగుదాం. బ్యాంకులు దొంగ ఖాతాలకు పూచీ పడాల. ప్రకటనల యాప్‌లు కొనేవాడు ఎవరో తేల్చుకోనే పిలుపు కలపాల. చిన్న మొత్తమైనా స్టేషన్లో కేసు కట్టాల. అవన్నీ వచ్చేలోపల మన చేతిలో ఉన్నది సంత కట్టుబాటు. మనిషిని చూడాల, బేరం ఎదురుగా ఆడాల, జనం తిరిగే చోటనో బ్యాంకు కాడనో కలవాల, మన ఖాతాలో నిలవ పెరిగినాంకనే తాళంచెవి ఇవ్వాల. పిన్ను అడిగితే ఫోన్ పెట్టేయాల.

అన్నీ తెలిసినా ఇంట్లో ఎవరో ఒకరు మోసపోతారు. వాళ్ళు మొగం దించుకోని వచ్చినప్పుడు, "ఎందుకు చేసినావు" అని అడగొద్దు. "ఎంతసేపయింది" అని అడిగి 1930 నొక్కండి. తిట్టేదానికి రేపు కూడా టైం ఉంటాది.